తూకానికి పోతున్న సామురాయ్

పాత సామాన్ల కొట్లో దాన్ని మూడు ముక్కలు చేస్తారు. పైడొప్ప ప్లాస్టిక్ కుప్పలోకి, లోపలి బోర్డు గోనెసంచిలోకి, అడాప్టర్ పగలగొట్టి తీసిన రాగి తీగ డబ్బాలోకి పోతాయి. క్యాసెట్లు ఉంటే వాటిదీ అదే గతి. ముప్ఫై ఏళ్ళ కిందట తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళలో పిల్లలు దేనికోసం అన్నం మానేసి అలిగారో, క్లాసులో ఫస్టొస్తే కొనిపెడతామని పెద్దలు దేన్ని ఆశ చూపారో, ఆ టీవీ గేమ్ పెట్టె ఇవాళ కిలో లెక్కన పోతోంది. మీడియా కంపెనీ అమ్మిన సామురాయ్, లిటిల్ మాస్టర్, సెగా యంత్రం ఆకారంలో వచ్చిన టెర్మినేటర్, అసలు పేరే లేని చైనా పెట్టెలు, అన్నీ అటే. వీటిని పోగుచేసి దాచుకునే మాలాంటి కొద్దిమందిని చూసి జనం జాలిపడతారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. ఆ వస్తువుకు దక్కాల్సిన విలువ దక్కడం లేదన్నదే నా బాధ. ఈ వ్యాసం ఆ బాధతో రాస్తున్నదే.

ముందు బయటివాళ్ళ సంగతి చెబుతాను. పాత వీడియో గేములు సేకరించడం ప్రపంచంలో ఇప్పుడు పెద్ద వ్యాపకం, పెద్ద వ్యాపారం కూడా. 2021 ఆగస్టులో అమెరికాలో సీలు విప్పని సూపర్ మారియో బ్రదర్స్ క్యాసెట్ ఒకటి 20 లక్షల డాలర్లు పలికింది. సోనీ, నింటెండో కలిసి మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఒక ప్లేస్టేషన్ నమూనా 2020 మార్చిలో 3,60,000 డాలర్లకు వేలంలో పోయింది. అరుదైన దానికి ధర పలకడంలో తప్పేమీ లేదు. కానీ ఆ మనుషుల ముందు సామురాయ్ పేరెత్తితే వచ్చే మాట ఒకటే: నకిలీ సరుకు. జపాను నింటెండో కంపెనీ 1983 జులైలో తెచ్చిన ఫ్యామికామ్‌కి ఇది కాపీ అట, కాబట్టి సేకరణలో దీనికి స్థానం లేదట. అసలు యంత్రాలు ప్రపంచమంతటా కలిపి ఆరు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. వాటిని అట్టపెట్టెతో, కాగితాలతో సహా దాచిన ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. మా ఊళ్ళలో అమ్ముడుపోయినవాటిని లెక్కపెట్టినవాళ్ళూ లేరు, అట్టపెట్టె దాచినవాళ్ళూ దాదాపు లేరు. మరి ఏది అరుదు?

కాపీ ఎందుకు వచ్చిందో బయటి దేశాల సేకరణకర్తలు అడగరు. 1990ల్లో ఇక్కడ అసలు సరుకు కొనాలంటే ఎంత అయ్యేదో వాళ్ళకి తెలియదు. 1995లో సెగా మెగా డ్రైవ్‌ని మన దేశంలో షా వాలెస్ కంపెనీ ద్వారా అమ్మారు. దిగుమతి సుంకం అప్పట్లో 80 శాతం. దాన్ని తప్పించుకోవడానికే ఆ పొత్తు పెట్టుకున్నారు, అయినా ధర 18,000 రూపాయలు. రేపల్లెలో ఒక బడి పంతులు ఇంట్లో ఆ డబ్బు పెట్టి ఆటవస్తువు కొనడం జరిగే పనేనా? నింటెండో అసలు యంత్రం మా దుకాణాలకి రానేలేదు. కాపీ పెట్టె వచ్చింది కాబట్టే కౌలు రైతు కొడుకు, రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు, మిర్చి యార్డు గుమస్తా పిల్లలు మారియోని చూశారు. సంపన్న దేశాల పిల్లలకు అంగడిలో దొరికినది మా పిల్లలకు దొంగదారిలో దొరికింది. దారి దొంగదే గానీ, ఆడిన పిల్లల ఆనందం దొంగది కాదు.

మా ఊళ్ళకు ఇవి వచ్చిన దారులు కూడా రాసి పెట్టదగ్గవే. తెనాలి, బాపట్ల రెండూ మద్రాసు మెయిన్ లైను మీద ఉన్నాయి. రాత్రి బండెక్కితే తెల్లారేసరికి మద్రాసు, అక్కడ బీచ్ స్టేషను దగ్గర బర్మా బజారు. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల కోసం 1969లో పెట్టిన ఆ బజారు తర్వాత విదేశీ ఎలక్ట్రానిక్ సరుకుకు దక్షిణాదిలో పెద్ద పేరు. టేప్ రికార్డర్లు, కాలిక్యులేటర్లు, వాటితోపాటు టీవీ గేములు. బెజవాడ బీసెంట్ రోడ్డు ఇంకో దారి. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన మేనమామలు తెచ్చినవి మరో రకం. వాటి అడాప్టర్లు మన ప్లగ్గుల్లో పట్టక, ప్లగ్గుకి ప్లగ్గు తగిలించి వాడేవాళ్ళు. తెనాలి నుంచి రేపల్లెకి 1916 నాటి కొమ్మ లైను ఉంది. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన మీదుగా ఆ ప్యాసింజరులో క్యాసెట్లు ఊరూరా మారకం అయ్యేవి. ఒకరిది ఒకరికి వారం రోజులకి అద్దెకిచ్చుకునేవాళ్ళు. ఆ లైను చివర ఉండబట్టి కొత్త క్యాసెట్ రేపల్లెకి ఆలస్యంగా చేరేది, చేరాక ఎక్కువ కాలం నలిగేది. అందుకే నాకు రేపల్లెలో దొరికినవాటిలో పైకాగితం అరిగిపోయి, పెన్నుతో పేరు రాసినవే ఎక్కువ. ఆ పెన్ను రాత నాకు సీలు విప్పని పెట్టెకంటే విలువైనది. ఫలానా ఇంట్లో, ఫలానా పిల్లాడు ఆడాడన్న సాక్ష్యం అది.

ఇంట్లో గేమ్ లేనివాళ్ళకి గంటల షాపులు ఉండేవి. ముందు తెర వేలాడదీసిన చిన్న గది, లోపల రెండు మూడు టీవీలు, నేల మీద చాప. గంటకి ఇంతని తీసుకునేవాడు, గంట అవగానే వెనకనుంచి వైరు పీకేవాడు. కాంట్రా ఆటలో ఇద్దరు కలిసి ఆడితే సగం సగం డబ్బు. ప్రాణాలు మూడే ఉంటాయి కాబట్టి ముప్ఫై ప్రాణాల కోసం పైకి పైకి కిందికి కిందికి అని నొక్కే వరసను నోటు పుస్తకాల వెనక అట్ట మీద రాసుకునేవాళ్ళు. ఆ వరసను కొనామి కంపెనీలో కజుహిసా హషిమొటో 1986లో గ్రేడియస్ ఆట కోసం పెట్టాడని, ఆయన 2020లో చనిపోయాడని ఆ పిల్లల్లో ఎవరికి తెలుసు? పత్రిక లేదు, పుస్తకం లేదు, చెప్పే పెద్దవాడూ లేడు. నోటినుంచి నోటికి ఆ వరస జపాను నుంచి బాపట్ల దాకా తప్పు పోకుండా వచ్చింది. జానపద గేయాలు ఊరూరా తిరిగి సేకరించిన దేశం మనది. ఈ పిల్లల నోటి విద్యను సేకరించిన వాడు ఒక్కడైనా ఉన్నాడా?

బిళ్ళ వేసి ఆడే పెద్ద యంత్రాలు కూడా కొన్నిచోట్ల ఉండేవి. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనే ఆటని మన కుర్రాళ్ళు అందులోని ఒక వీరుడి పేరుతో ముస్తఫా అని పిలిచారు. ఇవాళ నలభై దాటిన మగవాళ్ళని అడగండి, ఆ అసలు పేరు చెప్పలేరు, ముస్తఫా అంటే మాత్రం ముఖం వెలిగిపోతుంది. ఇంట్లో గేమ్ ఉన్నచోట ఆడపిల్లలూ ఆడారు. షాపులోకి వాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు కాబట్టి వాళ్ళ ఆటంతా ఇళ్ళలోనే సాగింది. లోడ్ రన్నర్, సర్కస్ చార్లీ, ఐస్ క్లైంబర్. ఈ ముక్క ఎక్కడా నమోదు కాలేదు. ఇప్పుడడిగితే చాలామంది అక్కలు, వదినలు నవ్వేసి ఊరుకుంటారు. కాస్త ఓపికగా కూర్చుంటే మాత్రం ఏ స్టేజీలో ఎక్కడ ఆగిపోయారో కూడా చెబుతారు.

ఇక యంత్రం సంగతి. ఇక్కడే నాకు ఎక్కువ కష్టం కలుగుతుంది, ఎందుకంటే దీన్ని బొమ్మ అనేవాళ్ళు దాని మూత విప్పి చూడరు. ఫ్యామికామ్‌లో ఉన్నది రికో కంపెనీ చేసిన చిప్, దాని గుండె 6502. 1975లో ఎమ్ఓఎస్ టెక్నాలజీ ఆ చిప్‌ని 25 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు మిగతా కంపెనీల ధరలు వందల్లో ఉండేవి. యాపిల్ 2 నడిచింది దాని మీదే, కమడోర్ 64లో ఉన్నది దాని తోబుట్టువే. అంటే వేమూరులో బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు కూర్చున్న పిల్లాడి చేతి కింద ఉన్నది ప్రపంచానికి ఇంటి కంప్యూటర్ అలవాటు చేసిన చిప్ వంశం.

కాపీ అన్నారు కదా, ఆ కాపీలోనూ బుర్ర ఉంది. జపాను టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేవి, మన పాల్ టీవీలు 50 సార్లు. జపాను ఆటని యూరపు కోసం చేసిన అసలు నింటెండోలో నడిపితే కాలం లెక్క తప్పి కొన్ని ఆటల్లో తెర చెదిరిపోయేది. తైవాన్‌లోని యుఎమ్‌సీ కంపెనీ చేసిన చిప్‌లలో ఆ లెక్కని సరిచేశారు. ఒక్కో గీత గీయడానికి చిప్ తీసుకునే సమయాన్ని జపాను యంత్రంతో సమానంగా ఉంచి, మిగులు సమయాన్ని బొమ్మ అయిపోయాక వచ్చే ఖాళీ గీతల్లోకి తోశారు. జపాను క్యాసెట్ మన టీవీలో చెదరకుండా ఆడింది అందువల్లే. ఇది ఇంజనీరింగ్. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దీన్ని ప్రాజెక్టుగా తీసుకుంటే ఆర్నెల్లు పడుతుంది. తర్వాత తర్వాత మొత్తం యంత్రాన్ని ఒకే చిప్‌లోకి కుదించి, దానిపైన నల్లటి లప్పంలాంటి ఎపాక్సీ బొట్టు వేసి మూసేశారు. ఆ బొట్టు కనబడగానే సేకరణకర్తలు మొహం తిప్పుకుంటారు.

క్యాసెట్ల విషయం ఇంకా వింత. పైన 9999999 ఇన్ 1 అని రాసి ఉంటుంది. లోపల ఉన్నవి పదో, ఇరవయ్యో ఆటలు, వాటినే పేర్లు మార్చి మార్చి పట్టీ పెంచారు. దీన్ని మోసం అని తీసిపారేస్తారు. కానీ ఫ్యామికామ్ చిప్ క్యాసెట్లోని ప్రోగ్రామును ఒకసారికి 32 కిలోబైట్లే చూడగలదు. అన్ని ఆటల్ని ఒకే క్యాసెట్లో ఇరికించి, పట్టీలో నొక్కిన ఆటను చిప్ ముందుకు తెచ్చి నిలబెట్టాలంటే దానికో సర్క్యూట్ కావాలి. ఒక్కో ఊరూ పేరూ లేని కంపెనీ ఒక్కో రకంగా ఆ సర్క్యూట్ కట్టింది. ఇవాళ ప్రపంచంలో కొందరు ఔత్సాహికులు కూర్చుని ఆ సర్క్యూట్లన్నిటికీ నంబర్లు ఇస్తున్నారు. మొదట్లో 255 వరకే సరిపోతాయనుకున్న నంబర్లు తర్వాత 4095 దాకా పెంచాల్సి వచ్చింది. ఆ పెరిగిన వరసలో ఎక్కువ భాగం ఇలాంటి దొంగ క్యాసెట్లవే. ఇప్పటికీ ఎవరూ చదవని క్యాసెట్లు బయటపడుతూనే ఉన్నాయి. మా కొమ్మ లైను ఊళ్ళలోని అటకల మీద అలాంటివి ఎన్ని ఉన్నాయో, ఎన్ని తూకానికి పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఆటల్లో సృష్టి కూడా ఉండేది. నామ్కో 1985లో తెచ్చిన బ్యాటిల్ సిటీలో ఇటుకలు, ఇనుము, నీళ్ళు, చెట్లు ఎక్కడెక్కడ ఉండాలో మనమే పేర్చుకునే వీలుంది. ట్యాంకుల ఆట అని మనం పిలిచింది అదే. కరెంటు పోతే కట్టినదంతా పోయేది. ఎండాకాలపు కోతల రోజుల్లో ఎన్ని కోటలు అలా మాయమయ్యాయో.

మా ప్రాంతంలో వీటికి శత్రువు ఇంకొకటి ఉంది, ఉప్పుగాలి. బాపట్ల నుంచి సూర్యలంక తీరం ఎంతో దూరం లేదు. రేపల్లె కింద నిజాంపట్నం. ఆ గాలికి క్యాసెట్ అంచున ఉండే 60 రాగి పిన్నులు పచ్చబడతాయి, యంత్రం లోపలి స్ప్రింగు పట్టు సడలుతుంది. ఆట రాకపోతే పిల్లలు క్యాసెట్లోకి ఊదేవాళ్ళు. ఊపిరి తేమకి ఆ పిన్నులు ఇంకాస్త తుప్పుపట్టేవి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడిస్తే చాలావరకూ బతుకుతాయి. ఈ చిన్న పని తెలియక చెడిపోయిందని పారేసినవి లెక్కలేనన్ని. ఇంకో సాధారణ జబ్బు అడాప్టరుది. ప్లస్సు మైనస్సు తారుమారైన అడాప్టరు పెడితే లోపలి 7805 రెగ్యులేటరు పోతుంది. పది ఇరవై రూపాయల భాగం అది, మార్చితే యంత్రం లేచి కూర్చుంటుంది.

ఆ పని చేసే చేతులు ఎవరివి? టీవీ మెకానిక్‌లవి. తెనాలి బోసు రోడ్డు చుట్టుపక్కల, బాపట్ల రథం బజారు వైపు, రేపల్లెలో స్టేషను నుంచి వచ్చే దారిలో ఒకప్పుడు టీవీ రిపేరు బల్ల లేని బజారు ఉండేది కాదు. వాళ్ళే టీవీ గేములు బాగుచేశారు. యాంటెనా వైరు చోట ఎ.వి. పిన్ను కట్టారు, విరిగిన రిమోట్ బటన్ల కింద అగరుబత్తి పెట్టె అట్ట కోసి పెట్టారు, చానెల్ పట్టకపోతే మాడ్యులేటర్ కాయిల్‌ని స్క్రూడ్రైవరుతో తిప్పి పట్టించారు. సర్క్యూట్ బొమ్మ లేకుండా, పుస్తకం లేకుండా. ఇప్పుడా బల్లల మీద సెల్‌ఫోన్ స్క్రీన్లు మారుస్తున్నారు. పెద్దవాళ్ళు కన్నుమూస్తున్నారు. "అన్నా, సామురాయ్ బాగుచేసేవాడివట కదా" అని అడిగితే, ముందు నమ్మనట్టు చూసి, తర్వాత కుర్చీ వేసి గంటసేపు చెప్పేవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని రాసుకునే విద్యార్థి ఒక్కడు కూడా రాలేదని వాళ్ళు అంటుంటే నాకు సిగ్గేస్తుంది.

పెట్టె పోవడం ఒక నష్టం, దానికి జోడీ టీవీ పోవడం మరో నష్టం. డక్ హంట్ ఆటలో తుపాకి ఎలా పనిచేస్తుందో చూడండి. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకి గొట్టంలోని కాంతి గుర్తించే భాగం ఆ తెలుపును చూస్తే దెబ్బ తగిలినట్టు. పిక్చర్ ట్యూబు టీవీలో మెరుపు ఎప్పుడు వస్తుందో ఆ యంత్రానికి తెలుసు. ఎల్‌సీడీ టీవీలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది, తుపాకి గుడ్డిదైపోతుంది. కాబట్టి పాత ట్యూబు టీవీ లేనిదే ఆ ఆట లేదు. ఈసీఐఎల్ హైదరాబాదులో చేసిన ఈసీ టీవీలు, డయనోరా, సాలిడేర్, ఒనిడా అన్నీ ఇప్పుడు సీసం ఉన్న గాజు చెత్త కింద లెక్క. ప్రమాదకరమైనది కాబట్టి పద్ధతిగా పారేయాలి, నిజమే. ప్రతి ఊళ్ళో ఒక్కటి, ఒకే ఒక్కటి, నడిచే స్థితిలో ఉంచమని అడగడం అత్యాశా?

అడిగాను కూడా. ఒక ప్రదర్శనశాల పెద్దమనిషి దగ్గరకి ఫోటోలు, వివరాలు పట్టుకెళ్ళాను. ఆయన మర్యాదగానే మాట్లాడి, ఇవి పిల్లల ఆటవస్తువులు గదండీ, మేము పురావస్తువులు మాత్రమే చూస్తాం అన్నారు. చట్టం ప్రకారం ఆయన మాట కాదనలేను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువుకు 100 ఏళ్ళు నిండాలి, రాతప్రతులకైతే 75. 1992లో కొన్న సామురాయ్ 2092 దాకా ఆగాలి. ఆ ప్లాస్టిక్కు, ఆ కెపాసిటర్లు, ఆ ఉప్పుగాలిలో అన్నాళ్ళు ఆగవు. ప్రభుత్వ కాగితాల్లో వీటి పేరు వచ్చేది మరోచోట. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో వీడియో గేములు, చేతిలో పట్టుకుని ఆడే కన్సోళ్ళు ఉన్నాయి. చెత్తగా గుర్తింపు దొరికింది, చరిత్రగా దొరకలేదు.

రేపల్లె లైను మీదే ఉంది భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో ధాతుపేటికలు వెలికితీశాడు. వాటి మీది అక్షరాల వల్లే దక్షిణాది లిపుల పుట్టుక గురించి ఇవాళ ఇంత మాట్లాడగలుగుతున్నాం. అంతకుముందు ఆ దిబ్బ ఇటుకల్ని రోడ్లకీ కట్టడాలకీ తవ్వుకుపోయారు. తవ్వుకుపోయిన వాళ్ళకీ అది పనికిరాని మట్టిదిబ్బే. ఏది చరిత్రో ఆ తరానికి తెలియదు, మన తరానికైనా తెలిసే అవకాశం ఉంది.

మన రచయితల మీద కూడా నాకు కోపం ఉంది. టూరింగ్ టాకీసు మీద, రేడియో నాటికల మీద, గోళీల మీద, తాటి ముంజల బండి మీద తెలుగులో ఎన్ని జ్ఞాపకాలు చదివానో. టీవీ గేమ్ మీద ఒక్క మంచి వ్యాసం నా కంట పడలేదు. అది ఆడిన తరం ఇప్పుడు కథలు రాస్తోంది, సినిమాలు తీస్తోంది. తమ బాల్యంలో సగం సాయంత్రాలు దాని ముందు గడిపి, రాసేటప్పుడు మాత్రం తాతల కాలపు ఆటలే రాస్తున్నారు. ఇది పరాయి దేశపు ప్లాస్టిక్కు అనిపించి కాబోలు. హార్మోనియం కూడా యూరపు నుంచే వచ్చింది, అది లేకుండా తెనాలి నాటకరంగాన్ని ఊహించగలరా?

పోనీ పరాయిదనే అనుకుందాం, మనవాళ్ళు చేసినవాటినైనా చూసుకున్నామా? 2009లో ప్లేస్టేషన్ 2 కోసం హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట వచ్చింది. పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి ప్లేస్టేషన్ ఆటగా చెప్పే దాన్ని చేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. అదే ఏడాది కబడ్డీ, కర్రాబిళ్ళ లాంటి ఆటలతో దేశీ అడ్డా వచ్చింది, అది చేసింది హైదరాబాదు గేమ్‌శాస్త్ర. తెలుగు నేల మీద పుట్టిన కన్సోల్ ఆటలివి. ఆ డిస్కులు ఇప్పుడు వెతికితే దొరకడం గగనం. ఏ లైబ్రరీలోనూ నాకు కనబడలేదు. అమెరికాలో వీడియో గేమ్ చరిత్ర సంస్థ ఒకటి 2023లో లెక్క తీస్తే, ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు బజారులో కొనడానికి దొరకవని తేలింది. అంత శ్రద్ధ ఉన్నచోటే ఆ గతి అయితే, లెక్క తీసేవాళ్ళే లేని మన సంగతి వేరే చెప్పాలా?

ఇతరులు తమ కాపీ పెట్టెల్ని ఎలా చూసుకున్నారో చెబుతాను. రష్యాలో 1992లో స్టీప్లర్ కంపెనీ డెండీ అనే పెట్టె అమ్మింది, అదీ మన సామురాయ్ లాంటి ఫ్యామికామ్ కాపీయే. 1994 నుంచి దానికోసం టీవీలో ప్రత్యేక కార్యక్రమం నడిచింది, పత్రిక వచ్చింది. ఇవాళ అక్కడివాళ్ళు ఆ పేరును తమ తరం గుర్తుగా చెప్పుకుంటారు. పోలండ్‌లో పెగాసస్ అంతే. మాస్కోలో సోవియట్ కాలపు ఆట యంత్రాలకే 2007 నుంచి ఒక మ్యూజియం ఉంది, లోపలికెళ్ళి ఆడుకోవచ్చు. మన బజారు పెట్టె విలువను గుర్తించింది కూడా బయటివాళ్ళే. కీబోర్డుతో వచ్చే రకం, టీవీకి తగిలిస్తే టైపింగూ బేసిక్కూ నేర్పేది, మన దేశపు అంగళ్ళలో చూసి, 2008లో ఎమ్ఐటీలో జరిగిన ఒక సదస్సులో దాన్ని 12 డాలర్ల కంప్యూటరుగా మలచవచ్చని కొందరు పనికి దిగారు. పేద పిల్లలకి చదువు చెప్పే ఆటలు దాని కోసం రాయాలని ప్లేపవర్ అనే ప్రయత్నం పుట్టింది. మన ఇంటి అటక మీద ఉన్నదాన్ని చూసి అమెరికాలో కూర్చున్నవాళ్ళు కలలు కన్నారు.

మా ప్రాంతానికి ఈ పని చేతకాదని ఎవరూ అనలేరు. తుక్కు ఇనుముతో, పారేసిన బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసి దేశమంతా పేరు తెచ్చుకున్న సూర్య శిల్పశాల తెనాలిలోనే ఉంది. పాత ఇనుములో విలువ చూడగల కళ్ళు ఈ ఊరికి కొత్త కాదు. బాపట్లలో 1981 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. వడ్లమూడిలో విశ్వవిద్యాలయం ఉంది. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఒక బీరువా, అందులో పది పెట్టెలు, ఒక ట్యూబు టీవీ, క్యాసెట్లోని చిప్పుని చదివే చిన్న పరికరం. ఖర్చు ఒక ఫ్రెషర్స్ డే పందిరికయ్యేంత కూడా ఉండదు. 6502 ఎలా ఆలోచిస్తుందో నల్లబల్ల మీద చెప్పడం వేరు, తాము కదిలించిన మారియో దాని మీదే పరిగెడుతుంటే చూడటం వేరు. ఈ మాట నేను ఎందరు అధ్యాపకుల దగ్గర అన్నానో. బాగుందండీ అంటారు, తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు.

సేకరించే మాలాంటివాళ్ళకీ ఒక మాట. అసలు నింటెండో, అసలు సెగా కోసం డబ్బు పోసి తెప్పించుకుంటున్నారు, సంతోషం. అవి మీరు దాచకపోయినా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. మీ వీధిలో అమ్ముడైన పెట్టె మీరు దాచకపోతే ఇంకెక్కడా ఉండదు. అరుదైనది కావాలంటే రేపల్లె ప్యాసింజరెక్కండి.

పాఠకులకు నా విన్నపం ఇది. మీ అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో టీవీ గేమ్ ఉంటే ఈ ఆదివారం కిందికి దించండి. ప్లగ్గులో పెట్టకండి, ముందు అడాప్టరు ఎవరికైనా చూపించండి. క్యాసెట్ల మీది కాగితాలు, పెన్ను రాతలు చెరపకండి. అట్టపెట్టె చిరిగినా, బిల్లు నలిగినా పారేయకండి. ఎప్పుడు కొన్నారు, ఏ ఊళ్ళో, ఏ కొట్లో, ఎంతకి, ఎవరు ఆడారు, ఏ మెకానిక్ బాగుచేశాడు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి దాంతోపాటే పెట్టండి. ఉంచుకునే చోటు లేకపోతే దగ్గర్లోని కాలేజీకో, సేకరించేవాళ్ళకో ఉచితంగా ఇవ్వండి. తూకానికి మాత్రం వేయకండి.